ఒరుగులు అచ్చిరాని ఇల్లు

పోయిన ఎండాకాలం మా వీధిలో నన్ను చూస్తే జనం తలుపులు వేసుకునేవాళ్ళు. ఎదురింటి కొండమ్మ అయితే ఒకరోజు నేను గడప దగ్గరికి రాగానే, "నేను ఇంట్లో లేను!" అని లోపల్నుంచి తనే అరిచింది. నా చేతిలో సంచి ఉంది. సంచిలో వంకాయలు ఉన్నాయి. అంతకు ముందు రోజు కూడా అవే ఉన్నాయి.

హిందూపురంలో మా కిరాణా అంగడి వెనకాలే మా ఇల్లు. ఎప్పటికైనా కొత్తిల్లు కట్టుకుందామని లేపాక్షి రోడ్డులో కొన్న జాగా ఏళ్ళ తరబడి కంపచెట్లు మొలిచి పడి ఉంటే, మా ఆయన నరసింహయ్యను పోరి పోరి బోరు వేయించి, కార్తీకంలో నారు పోశాను. టమాటా, వంకాయ, మిరప, మేము మటిక్కాయలనే గోరుచిక్కుడు, గట్ల వెంబడి మెంతి, కొత్తిమీర, పుదీనా. అంతకు ముందు నేను పెంచింది తులసికోట ఒక్కటే. ఎన్ని మొలుస్తాయో తెలియక చేతికి వచ్చినంత విత్తనం చల్లేశాను. అన్నీ మొలిచాయి. శివరాత్రి దాటేసరికి తోట నన్ను తరమడం మొదలుపెట్టింది. పొద్దున కోసిన చెట్టు సాయంత్రానికి మళ్ళీ ఎర్రగా నవ్వేది.

ఫ్రిజ్ నిండింది. పాలగిన్నె పెట్టడానికి చోటులేక మా ఆయన కొత్తిమీర కట్టల్ని బయటికి లాగి, "ఇది ఫ్రిజ్జా, తోటా?" అని కేకలేశాడు. ఇంకో ఇంట్లో అయితే ఇదొక సమస్యే కాదు. ముక్కలు తరిగి, ఉప్పు పట్టించి, మిద్దె మీద పాత పంచె పరిచి ఎండబెట్టేస్తారు. నాలుగు ఎండలు తగిలితే అవి ఒరుగులు. డబ్బాకెత్తుకుంటే వానాకాలమంతా పులుసుకు వెతుక్కునే పనిలేదు. ఎండాకాలంలో మా ఊళ్ళో ఏ మిద్దె చూసినా ఏదో ఒకటి ఎండుతూనే ఉంటుంది. మా మిద్దె మీద మాత్రం ఉతికిన బట్టలు తప్ప ఏమీ ఉండవు.

"మనింటికి ఒరుగులు అచ్చిరావు" అని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్త సరస్వతమ్మ చెప్పింది. ఒరుగులే కాదు, ఉప్పు తగిలించి ఎండబెట్టేది ఏదీ కూడదు. ఊరమిరపకాయలు, సండిగలనే వడియాలు నా ఆడబిడ్డలు వాళ్ళ ఇళ్ళలో చేసి పంపేవాళ్ళు. ఎందుకని అడిగితే మా అత్త "అంతే" అనేది. ఆ 'అంతే'తో నాకు ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. ఎండబెట్టుకునేంత కూరగాయలు మా ఇంట్లో ఎప్పుడు మిగిలాయి గనక!

ఒకరోజు తోటలో తిప్పమ్మ మగ్గిన టమాటాలు గంపెడు పెంటకుప్పలో పోయబోతూ నా మొహం చూసి ఆగింది. తిప్పమ్మది లేపాక్షి అవతల పల్లె. మొగుడు ఎర్రిస్వామి గొర్రెలు మేపుతాడు, ఆమె నాకు తోటలో సాయానికి వస్తుంది. నోరు ఊరుకోదు.

"ఏడుస్తా పారబోసేది ఎందుకక్కా? ఎండేసుకోరాదా?"

"మాకు అచ్చిరాదు తిప్పమ్మా."

"ఎవురన్నా పోయినారా?"

"ఏమో. అడిగితే చెప్పరు."

తిప్పమ్మ గంప దించి నడుం మీద చేతులు వేసుకుంది. "మాకు ఉగాది అట్లే పోయిండె. మా మామ తమ్ముడు ఉగాది నాడే పోయినాడని ఆ పూట మా ఇంట్లో ఓళిగ కాల్చేటోళ్ళు గాదు. ఊరంతా ఓళిగలు, మాకు సంగటి. మా పిల్లోళ్ళు ఇంటింటి ముందరా పోయి నిలబడేటోళ్ళు, సిగ్గుపోయేది. మళ్ళ ఒక ఉగాది పొద్దున మా ఎనుము ఈనింది. అంతే! పండగ వచ్చేసింది."

"ఎనుము ఈనితే పండగ ఎట్లా వస్తుంది?"

"ఆ దినమే ఇంట్లో బిడ్డ పుట్టినా, గొడ్డు ఈనినా, పోయింది మళ్ళా వచ్చినట్టే గదక్కా. అంగడోళ్ళకు ఇవన్నీ తెల్దా?" అని, గంప ఎత్తుతూ, "మా ఆవు గూడా ఈనేకుండాది. రేపో మాపో" అంది.

నేను ఆమె చేతిలోంచి గంప లాక్కున్నాను. ఆ టమాటాలు పెంటకు పోలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మా అత్తకు చెప్పాను. ఆమె హాల్లో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"తెలుసు" అంది.

"తెలుసా? మరి..."

"కూర్చో."

చాట పక్కన పెట్టి ఆమె చెప్పిన దాంట్లో ఏడుపు లేదు, ఇంకెవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "పెనుకొండలో మా పుట్టింట్లో ఒరుగులంటే నేనే పెట్టాల. ఈడికి వచ్చిన మొదటి ఎండాకాలం, మెప్పు పొందాలని ఎవురూ చెప్పకుండానే మిద్దె ఎక్కి వంకాయలు పరిచినాను. నేను కిందికి దిగేలోపల మీ మామ తమ్ముడు అంగట్లో కూర్చున్నోడు కూర్చున్నట్టే ఒరిగిపోయినాడు. గుండె. డాక్టరు గూడా గుండె అనే చెప్పినాడు. మా ఆడబిడ్డ హనుమంతమ్మ ధర్మవరం నుంచి వచ్చి, శవం మీద పడి ఏడ్చి, నన్ను చూసి 'ఏం చేయి పెట్టితివే తల్లీ' అన్నింది. ఒక్క తూరే అన్నింది. మళ్ళా అనే పని లేకపోయె."

పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి రోకలి అందిస్తే, ఏదో పని గుర్తుకొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయే మనిషి ఆమె. కొత్త పొయ్యి వెలిగించమన్నా, విత్తనం మొదటి గింజ వేయమన్నా నన్నే ముందుకు తోసేది. కోడలి మీద ప్రేమ అనుకుంటూ వచ్చాను.

"పిల్లలు పుట్టినారు గదా అత్తా, అప్పుడైనా పోలేదా?"

"ముగ్గుర్నీ పెనుకొండలోనే కంటిని. పుట్టింట్లో పుట్టితే ఈ ఇంటికి లెక్క రాదంట." నవ్వింది. "అయినా పండగ లాగా ఒరుగులకు ఒక దినం యాడుండాది? పెట్టిన దినమే ఈనాల. ఈనేదాకా పెట్టకూడదు. ఈ ముడి యాడ పట్టుకొని విప్పుతావు?"

మళ్ళీ చాట అందుకుంది. అప్పటిదాకా నాది వంకాయల బాధ. ఆ పూట నుంచి కాదు.

"ఆవా? బియ్యం మూటల పక్కనా?" అన్నాడు మా ఆయన, తిప్పమ్మ ఆవును బాడుగకు తెచ్చి మా పెరట్లోనే ఈనిద్దామంటే. సంగతంతా చెప్పాక తక్కెడ గిన్నె తుడిచిందే తుడిచాడు. సొంత కొడుకుకి కూడా ఆ మాట ఎవరూ చెప్పలేదు. తర్వాత లేచి, "హనుమంతమ్మత్తనే అడుగుతా" అని ధర్మవరానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

హనుమంతమ్మకు ఎనభై దాటాయి. గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. "బాడుగ ఆవా!" అని నవ్వి నవ్వి దగ్గింది. "ఒరే నరసింహా, ఆవు ఎవురిదైతే ఏమిరా, మూడు పూటలు ఎవురింటి కుడితి తాగితే ఆ ఇంటిదే. అయితే ఒకటి. అది ఈనే టయానికి ఒరుగులు మిద్దె మీద ఉండాల. దూడ నేల మీద పడినాక పరిస్తే చెల్లదు."

"అట్లేనత్తా."

"ఇంకొకటి. మీ అమ్మను చేయి పెట్టొద్దను. నీ పెండ్లాంతోనే పెట్టించు."

మా ఆయన గబుక్కున స్పీకర్ ఆపబోయాడు. మా అత్త అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. "అట్లేలే వదినా" అని ఫోన్‌కు వినపడేలా అని, లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు తిప్పమ్మ ఆవు చిన్న ట్రక్కులో దిగింది. తెల్లగా, పెద్ద కళ్ళతో, నిండు కడుపుతో ఉంది. వీధి వీధంతా వచ్చేసింది. ఆటో కదలడానికి దారి లేకపోయింది. నన్ను చూస్తే తలుపులు వేసుకునేవాళ్ళంతా మా పెరట్లోకి తోసుకొచ్చారు.

"రేపు పొద్దున్నకంతా ఈనకపోతే నా పేరు తిప్పమ్మే గాదు!" అంది తిప్పమ్మ.

ఆవు ఈనేదాకా కత్తిపీట దగ్గర కాచుకోవడమే మా పని. ముందే పరిచేసి ఆ రోజు ఆవు ఈనకపోతే, ఉత్త పుణ్యానికి కట్టు తప్పినట్టవుతుంది. ఈనాక పరిస్తే చెల్లదు. అందుకని ముక్కలు తరిగి సిద్ధంగా పెట్టుకోవాలి, తిప్పమ్మ "ఊ" అనగానే నేను మెట్లెక్కాలి. తెల్లవారింది. ఆవు పడుకుంది, లేచింది, మేసింది. మధ్యాహ్నం తోక ఎత్తింది. "ఊ!" అని తిప్పమ్మ అరిచింది. నేను బేసిన్ ఎత్తుకుని సగం మెట్లు ఎక్కాను. ఆవు పేడ వేసి తోక దించింది.

"మళ్ళా ఏం పేరు పెట్టుకుందాం తిప్పమ్మా?" అని గోడ మీది నుంచి కొండమ్మ అడిగింది.

తరిగినవన్నీ పులుసు చేసి వీధికి పంచాను. మరుసటి రోజూ అంతే. ఆవు మాత్రం మా ఇంటికి బాగా అలవాటుపడింది. గొడ్డు వాసన పడదన్న మా ఆయన గిరాకీ లేనప్పుడల్లా బెల్లం ముక్క పట్టుకుని పెరట్లోకి వెళుతున్నాడు. పొద్దున్నే కుడితి పెట్టేది మా అత్త. తొట్టి ముందు నిలబడి దాంతో ఏదో మెల్లగా మాట్లాడేది, నేను వెళితే ఆపేసేది.

ఇంకో సాయంత్రానికి తిప్పమ్మ కూడా చేతులెత్తేసింది. "ఇంక వారం పడ్తాదక్కా, నా లెక్క తప్పింది. ఇంటికాడ గొర్రెలు చూసుకొని వస్తా" అని బస్సెక్కి పోయింది. ఆ రోజు తరిగిన టమాటాలను పులుసు పెట్టే ఓపిక నాకు లేకపోయింది. ఉప్పు చల్లి, బేసిన్ మీద మూత బోర్లించి పడుకున్నాను.

తెల్లవారుతుండగా మా ఆయన కేక వినిపించింది. "కౌసల్యా! బిన్నా రావే! కాళ్ళు కనపడతాండాయి!"

వంటింట్లోకి పరిగెత్తాను. బేసిన్ లేదు. మూత ఒక్కటే గట్టు మీద ఉంది. వెతకడానికి టైమ్ ఎక్కడిది? వంకాయల గంప చంకనేసుకుని, కత్తి పట్టుకుని మెట్లకు అడ్డంపడ్డాను. పైకెళ్ళి ఒక్క కాయ కోసి పరిచినా పరిచినట్టే గదా అని నా ఆశ. చీర కుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. కింద ఆవు మూలుగుతోంది. రెండు వంకాయలు దొర్లుకుంటూ మెట్ల మీది నుంచి కిందికే పోయాయి.

మిద్దె మీద మా అత్త ఉంది.

మా మామ పాత పంచె పరిచి ఉంది. దాని మీద టమాటా చెక్కలు, కోసిన వైపు ఆకాశానికి, ఒకదాన్నొకటి తగలకుండా వరసలు వరసలుగా. బేసిన్‌లో అడుగున మిగిలిన నాలుగు చెక్కలను ఆమె గొంతుక్కూర్చుని పెడుతోంది. ఆమె చివరి ముక్క పెట్టి ఉప్పు చేతిని పంచె అంచుకు తుడుచుకున్నాక, కింద మా ఆయన గొంతు లేచింది.

"పడిందే! పేయదూడనే! ఎగిరి దూకేటట్టుండాది!"

నేను గంప దించాను. "ఎప్పుడొచ్చినారు అత్తా?"

"కుడితి పెట్టేకి పోతే అది మూతి పెట్టలేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటాండె. ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెల్దా?"

"నన్ను లేపొచ్చు గదా. నన్నే పెట్టమన్నారు గదా."

"లేపితే నువ్వే పెట్టుంటివి." పక్కకు జరిగిన చెక్కనొకదాన్ని వేలితో సరిచేసింది. "ఏమన్నా అయితే, పడిన మాట నాకు ఎట్లాగూ ఉండాది. నీకొకటి కొత్తగా ఎందుకు?"

నేను గంప పక్కన కూలబడ్డాను. ఒక వంకాయ తీసి కత్తి పెట్టాను. ఆమె నా చేతిలోకి చూసింది.

"నీళ్ళు తేకుండా వంకాయలు తరుగుతావా? నల్లబడిపోవా? పో, ఉప్పునీళ్ళు తే!"

అప్పుడే ఎదురు మిద్దె మీద తులసికి నీళ్ళు పోస్తున్న కొండమ్మ చెంబు పట్టుకుని పిట్టగోడ దాకా వచ్చింది. "సరస్వతక్కా! మీ మిద్దె మీద ఏమవి, ఎర్రగా?"

మా అత్త లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, కాని ఒక్క ఊపున లేచింది.

"ఒరుగులు!" అంది. మూడు మిద్దెల అవతల పావురాలు లేచాయి.

ఇక ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో పెళ్ళి జరిగినట్టే ఉండింది. నలభై ఏళ్ళకు పైగా దాచుకున్న హుకుములన్నీ మా అత్త ఒక్కసారి బయటికి తీసింది. వంకాయ నాలుగు చీలికలు కావాలి, తొడిమ ఊడకూడదు. మటిక్కాయలను ఉడుకునీళ్ళలో ఒక్క పొంగు పొంగించి తీసేయాలి, ఎక్కువైతే పీచు. మిరపకాయల పొట్ట చీల్చి పుల్లమజ్జిగలో నానేసి, పగలు ఎండకు, సాయంత్రం మళ్ళీ మజ్జిగలోకి. మెంతికూర, పుదీనా ఎండకు చూపిస్తే రంగు, వాసన రెండూ పోతాయి, వాటికి మా పడకగదిలో ఫ్యాను గాలి. మంచం మీద పుదీనా ఉందని మా ఆయన అంగట్లో మూటల మధ్య పడుకున్నాడు. ఒరుగు ఎండిందో లేదో ఆమె చెవి దగ్గర విరిచి చూసేది. టక్‌మంటే డబ్బాకు, లేకపోతే మళ్ళీ మిద్దెకు. డబ్బాలు చాలక అంగట్లో పిప్పరమెంట్ల గాజుసీసాలు ఖాళీ చేయించింది. "గిరాకీ పిల్లోళ్ళకు ఏమివ్వాలమ్మా?" అంటే, "ఊరమిరపకాయలు ఇయ్యి" అంది.

జున్ను పంచడానికి వెళితే ఈసారి తలుపులన్నీ తెరుచుకున్నాయి. తిరిగొచ్చిన తిప్పమ్మ దూడను చూసి, "నేను లేనప్పుడే ఈనాల్నా, దొంగముండ!" అని ఆవును తిట్టి, దాని మెడ కౌగిలించుకుని, ఇక పేరు మార్చుకునే పని తప్పిందని సంబరపడింది.

అయితే మొదటి ఎండలు పూర్తయ్యేదాకా మా అత్త మనసు ఒకచోట లేదు. అంగట్లో మా ఆయన తుమ్మితే మిద్దె మీది నుంచి "నరసింహా!" అని పిలిచేది. "ఉండానమ్మా!" అని ఆయన కింది నుంచి. తూకం వేస్తూ, లెక్క చెబుతూ, గిరాకీతో గొడవపడుతూ మధ్యలో "ఉండానమ్మా!" ఒక పూట ఆమె పిలవకముందే అరిచాడు. పైన ఆమె నవ్వింది.

ఉగాది ముందర అన్నింట్లోనూ కొంచెం కొంచెం తీసి, గుడ్డసంచుల్లో కట్టి, మా ఆయన చేత ధర్మవరానికి పంపించింది. ఆయన ఇచ్చి వచ్చాడు. "ఏమన్నింది?" అంటే, "తీసుకొనింది" అన్నాడు. అంతే. తర్వాత ఫోన్ లేదు. మా అత్త ఏమీ అడగలేదు గాని, ఫోన్ మోగినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది. ఒరుగులు డబ్బాలకెత్తడం కూడా మెల్లగా సాగింది.

ఒక మధ్యాహ్నం మోగింది. ఈసారి స్పీకర్ మా అత్తే నొక్కింది.

"సరస్వతీ, ఇవి ఎవురు పెట్టినారు?"

నేను చెయ్యెత్తి నా గుండె మీద పెట్టుకుని, నేనని చెప్పమని సైగ చేశాను. మా అత్త నా చేతిని కిందికి దించింది.

"నేనే వదినా."

కట్ అయిందేమోనని నేను ఫోన్ వైపు వంగాను.

"పులుసు పెట్టుకున్నా" అంది హనుమంతమ్మ. "టమాటావి బాగుండాయి. వంకాయల్లో ఉప్పు ఎక్కువైంది. మళ్ళా ఏటికి కొంచెం తగ్గించు."

"అట్లే వదినా."

"వినపడిందా? తగ్గించు."

"వినపడింది వదినా."

ఫోన్ పెట్టేసి మా అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నన్ను దాటుకుని, నడవాలోంచి గబగబా నేరుగా అంగట్లోకి నడిచింది. గిరాకీ నిండుగా ఉంది. రొళ్ల నుంచి వచ్చిన ఒకాయనకు మా ఆయన కందిపప్పు తూకం వేస్తున్నాడు.

"నరసింహా! వంకాయల్లో ఉప్పు ఎక్కువైందంటరా! మీ అత్త చెప్పింది! మళ్ళా ఏటికి తగ్గించి పెట్టమన్నింది!"

మా ఆయన చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది. రొళ్ల ఆయన పాపం, పెద్దావిడ కళ్ళలో నీళ్ళు చూసి సంచి కింద పెట్టాడు.

"పోనీలే అవ్వా," అన్నాడు, "ఒక్కోతూరి అట్లే అయితాది. దానికి ఎవురన్నా బాధపడతారా?"